వెడల్పు పాదానికి కుట్టిన బూట్లు

మీ పాదం అడుగుభాగం ఏ ఆకారంలో ఉంటుందో మీరెప్పుడైనా చూసుకున్నారా? గడప దాటే ప్రతిసారీ అద్దంలో మొహం చూసుకునే మనం, భవిష్యత్తు చెబుతానన్న ప్రతివాడి ముందూ అరచేయి చాపే మనం, నడక నేర్చిన నాటి నుంచి మన బరువునంతా మోస్తున్న ఆ రెండు పాదాలను ఒక్కసారైనా వెనక్కి తిప్పి చూశామా అని అడుగుతున్నాను. నా సంగతి చెప్పాలంటే, నాకు నా పాదం కన్నా నా చెల్లెలి పాదమే బాగా తెలుసు. బొటనవేలికీ పక్క వేలికీ మధ్య ఉండే ఎడం, చిటికెనవేలు బయటికి వంగిన తీరు, మడమ సన్నగా ఉండి ముందుభాగం ఒక్కసారిగా వెడల్పయ్యే చోటు, వీటన్నిటినీ ఈనాడు కళ్ళు మూసుకుని కాగితం మీద గీయమన్నా గీయగలను.

మొన్న సాయంత్రం వాన వెలిశాక సరూర్‌నగర్ చెరువు పక్కన నడుస్తుంటే ఆ పాదమే గుర్తుకొచ్చింది. నడక నాకు డాక్టరు రాసిచ్చిన మందు. పరుగు మాత్రం చూసి మురిసిపోవడమే తప్ప నేను చేసిన పని కాదు. సిమెంటు బాట ఆరుతూ ఉంది. నా కన్నా ముందు ఎవరో చెప్పుల్లేని కాళ్ళతో పరుగెత్తి వెళ్ళినట్టున్నారు, నీటి గుంటలో తడిసిన అడుగులు బారెడేసి ఎడంతో ముందుకు సాగిపోయి ఉన్నాయి, ఒక్కొక్క అడుగులో వేళ్ళు విసనకర్రలా విచ్చుకుని ఉన్నాయి. ఆ మనిషి ఎవరో నాకు కనబడలేదు. నేను చూస్తుండగానే గుర్తులు కూడా ఒకటొకటే ఆరి మాయమయ్యాయి. ఈ వయసులో సాయంకాలపు ఆలోచనలకు పగ్గం ఉండదని మీకు తెలుసు, ఇంటికి చేరే లోపల నేను ఎన్నో ఏళ్ళు వెనక్కి నడిచాను.

దిల్‌సుఖ్‌నగర్ మీద మెట్రో స్తంభాలు లేని రోజులవి. ఎల్బీనగర్ చౌరస్తా దాటితే ఊరు అయిపోయినట్టే ఉండేది, సాగర్ రోడ్డు మీద తుర్కయంజాల్ దాకా పోతే ఇళ్ళ కన్నా పొలాలే ఎక్కువ కనిపించేవి. మాది నల్లగొండ జిల్లాలో ఒక పల్లె. నాకు దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ప్రైవేటు బడిలో సైన్సు చెప్పే ఉద్యోగం దొరికితే, నాన్న పొలం చూసుకుంటూ ఊళ్ళోనే ఉండిపోయాడు, అమ్మ మాత్రం మా ఇద్దరు అక్కచెల్లెళ్ళనూ వెంటబెట్టుకుని సరూర్‌నగర్ పాత ఊళ్ళో ఒక ఇంటి పై వాటాలో కిరాయికి దిగింది. నేను వారమంతా బడిలో పాఠాలు చెప్పి ఆదివారాలు హేతువాదుల సభలకు వెళ్ళేదాన్ని. తాయత్తుల మీద, జాతకాల మీద, బాబాల మీద, ముహూర్తాల మీద పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వాదప్రతివాదాలు జరిగేవి, వాటిలో నా నోరు మంచి పదునుగా ఉందని పెద్దలు మెచ్చుకునేవారు. ఆ మెప్పుతో పొంగిపోయి ఇంటికి వస్తే అమ్మ వాకిట్లో దిష్టి తీసిన ఎర్రనీళ్ళు పారబోస్తూ ఎదురయ్యేది.

నా చెల్లెలికి చదువు పెద్దగా అంటలేదు. ఊళ్ళో పొలం గట్ల మీద పెరిగిన పిల్ల, బడికి పరుగు, బాయికి పరుగు, తప్పిపోయిన మేక వెంట పరుగు. ఆడవాళ్ళను కానిస్టేబుళ్ళుగా ఎక్కువగా తీసుకుంటున్నారని తెలిసినప్పుడు దాని మొహంలో వచ్చిన వెలుగును నేను మరిచిపోలేను. అంతకు ముందు ఒకసారి పోయి రాత పరీక్షలో తప్పింది. ఈసారి రాత పరీక్ష గట్టెక్కింది, ఇక మిగిలింది పరుగు. ఇది కూడా తప్పితే వయసు దాటిపోతుంది, మరో అవకాశం ఉండదు, ఊరికి తిరిగి పోయి పత్తి చేలలో కలుపు తీయడమే. ఒక సాయంత్రం మిద్దె మీద కూర్చుని అది నాతో అన్న మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. "నీకు మాట్లాడుడొచ్చక్కా. నాకు ఉరుకుడొక్కటే వచ్చు. గది గూడ పోతే ఇంగ నేనేముంట?"

ఆ పరుగుకు అడ్డం పడ్డది ఎవరో కాదు, మా అమ్మ మొక్కు. దరఖాస్తు పెట్టిన రోజున ఊరి ఎల్లమ్మ గుడి ముందు నిలబడి, నౌకరి వచ్చేదాకా నా బిడ్డ కాళ్ళకు చెప్పులు తొడగదు తల్లీ అని మొక్కుకుందట. కోరిక తీరేదాకా చెప్పులు మానుకోవడం మా వైపు ఇంటింటా ఉన్న ఆచారమే, మీలో చాలామంది ఇళ్ళలోనూ ఉండే ఉంటుంది. చెల్లెలు దాన్ని పెద్ద బాధగా ఎంచలేదు, ఊళ్ళో చెప్పులు తొడిగిందెప్పుడు గనక. కానీ ఎర్రమట్టి వేరు, పట్నం మైదానం వేరు. అది సాధన చేసే మైదానం చుట్టూ కొత్తగా ఇళ్ళు లేస్తున్నాయి, కంకర, పగిలిన పెంకులు, గాజు ముక్కలు, అన్నీ అక్కడే కుమ్మరించేవారు. బొటనవేలి కింద చర్మం చీలింది. దాని మీదే పరుగెత్తింది, గాయం చీము పట్టింది. దవాఖానలో డాక్టరమ్మ కట్టు కట్టి, గాయం మానాక కూడా బూట్లు లేకుండా ఆ నేల మీద అడుగు పెడితే పరీక్ష రోజున మంచం మీదే ఉంటావని తేల్చి చెప్పింది.

ఇంటికి వచ్చి ఆ మాట చెబితే అమ్మ ఒప్పుకోలేదు. మాట ఇచ్చినంక తప్పుతే పిల్లకే చెడుపు అన్నది. నాకు నషాళానికి అంటింది. సభల్లో నేర్చిన విద్యంతా బయటికి తీశాను. దేవతకు చెప్పులతో పనేమిటి, గాజుముక్కకు భక్తి తెలుసా, ఇన్ని ఇళ్ళలో ఇన్ని మొక్కులు మొక్కితే ఉద్యోగాలు రానివాళ్ళంతా ఎవరు, ఇలా రెండు పూటలూ వాదించాను. అమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుకుంటూ అన్నీ విన్నది, చేట పక్కన పెట్టి ఒక్క మాట అన్నది. "నీ సభలల్ల నువ్వు గెలువు బిడ్డా. గీ ఇంట్ల మొక్కు నాది." అప్పుడు నేను చివరి బాణంగా, ఎదుటివాళ్ళ నోరు మూయించడానికి సభలో విసిరే పద్ధతిలో విసిరాను. "మొక్కింది నువ్వు. మరి కాళ్ళు దానివెందుకు?"

అది ప్రశ్న కాదు, వెటకారం. దానికి జవాబు ఉంటుందని నేను అనుకోలేదు. సభల్లో అలాంటి ప్రశ్నలు ఎన్నో వేశాను, చప్పట్లు వచ్చాయి తప్ప ఏ ఒక్కరూ ఇంటికి పోయి దాని గురించి ఆలోచించినట్టు నాకు తెలియదు. మా అమ్మ ఆలోచించింది. మరునాడు పొద్దున పాలకు బయలుదేరినప్పుడు ఆమె కాళ్ళకు చెప్పులు లేవు. గడప పక్కన నీటుగా జత చేసి పెట్టి ఉన్నాయి. ఏమయిందని అడిగితే, నిన్న నువ్వే అడిగినవ్ గద అన్నట్టు నా వైపు చూసింది. "మొక్కింది నేనైతే కాళ్ళు గూడ నాయే ఉండాలె. ఎల్లమ్మకు చెప్పుకున్న. దాన్ని షూస్ తొడుక్కోమను." అని పాలగిన్నె పట్టుకుని మెట్లు దిగిపోయింది.

ఒక నమ్మకం లోపల ఉండే మనిషి, ఆ నమ్మకాన్ని బద్దలు కొట్టకుండానే, దానిలోంచి తన బిడ్డను ఇలా బయటికి నడిపించవచ్చని నాకు ఏ వక్తా చెప్పలేదు. ఆ మొక్కును నేను ఆనాడు ఒప్పుకోలేదు, ఈనాడూ ఒప్పుకోను. అయినా ఒక ప్రశ్నను అంత నిజాయితీగా తీసుకున్న మనిషిని ఆ తరవాత నేను ఏ వేదిక మీదా చూడలేదు.

అడ్డు తొలగింది గనక ఇక బూట్లు కొంటే సరిపోతుంది అనుకున్నాం. దిల్‌సుఖ్‌నగర్‌లో చెప్పుల దుకాణాలన్నీ వరసగా తిరిగాం. ఆడవాళ్ళ బూట్లలో దాని కాలు సగం దాకా పోయి ఆగిపోయేది. మగవాళ్ళ బూట్లలో ముందుభాగం పడితే మడమ దగ్గర మరో వేలు పట్టేంత ఖాళీ మిగిలేది, పరుగెత్తితే బూటు అక్కడే ఉండి కాలు బయటికి వచ్చేది. చిన్నప్పటి నుంచి మట్టిని పట్టుకుని పెరిగిన పాదం అది, బూట్లు చేసేవాళ్ళెవరూ అటువంటి పాదం ఒకటి ఉంటుందని ఊహించినట్టు లేదు. చివరి దుకాణంలో మనిషి డబ్బాలన్నీ దించి విసిగిపోయి, "ఈ కాలుకు షూ దొరకదమ్మా, పడవ చేపియ్యాలె" అన్నాడు. నాకు చెళ్ళున కొట్టినట్టయింది. చెల్లెలు మాత్రం తొణకలేదు. "పడవలుంటే తియ్యన్నా, రెండియ్యి. ఎడమదొకటి, కుడిదొకటి." దుకాణమంతా నవ్వింది, అతనూ నవ్వి అందరికీ చాయ్ చెప్పాడు. ఇంటికి వచ్చే బస్సులో అది కిటికీ వైపు మొహం తిప్పుకుని కూర్చుంది. తోలుతో కుట్టించుకోమని ఎవరో అన్నారు గాని, ఆ బరువుతో పరుగు సాగదు.

మా పక్క వాటాలో కోస్తా నుంచి వచ్చిన ఒక కుటుంబం ఉండేది. ఆయన కోచింగ్ సెంటరులో లెక్కలు చెప్పేవారు. ఆవిడను మేం అత్తయ్య అని పిలిచేవాళ్ళం, అమ్మ వదినె అనేది. అత్తయ్యకు చేతులు ఊరుకునేవి కావు. ప్లాస్టిక్ వైరుతో బుట్టలు అల్లడం మీకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో కూరగాయలకు బయలుదేరిన ప్రతి ఆడమనిషి చేతిలో ఎరుపూ తెలుపూ గళ్ళ బుట్ట ఊగుతుండేది. అత్తయ్య బుట్టలతో ఆగలేదు. వైరుతో చిలకలు, పూసలతో ద్వారబంధానికి తెరలు, కాలిపోయిన బల్బులో పల్లెటూరి దృశ్యాలు, ఊలుతో రేడియోకు చొక్కా, ఆఖరికి వాళ్ళింటి చీపురుకు కూడా అల్లిక పిడి ఉండేది. దేనికండీ ఇవన్నీ అని ఆయన గొణిగితే, దేనికో తెలిస్తే అది పని అవుతుంది గానీ సరదా ఎలా అవుతుందండీ అనేది. మా పరాభవం అంతా విని ఆవిడ చాలాసేపు చెల్లెలి కాలు వైపే చూసింది.

"బుట్ట అల్లినవాళ్ళం బూటు అల్లలేమా వదినగారూ? దానికి చెయ్యి పెట్టే చోటు ఉంచుతాం, దీనికి కాలు పెట్టే చోటు ఉంచుతాం. అంతే కదండీ."

"ఉంచుతవు వదినె. సంతకు పొయ్యేటోళ్ళు దాన్ల వంకాయలు వోయకుండ చూసుకో" అన్నది అమ్మ. ఇద్దరూ ఆ సాయంత్రమే మొదలుపెట్టారు.

మొదటి జత నిజంగా బుట్టే అయింది. బుట్టను అడుగు నుంచి మొదలుపెట్టి ముడులు వేసుకుంటూ పైకి లేపుతారు, చేతులకు అదే అలవాటు గనక అత్తయ్య బూటునూ అలాగే లేపింది. ముడులన్నీ అరికాలి కిందకూ వేళ్ళ మీదకూ చేరాయి. చూడటానికి ఎంత ముచ్చటగా ఉందంటే వీధిలో ఆడవాళ్ళు వచ్చి చూసిపోయారు. గాయం మానగానే చెల్లెలు వాటితో మైదానం ఒక చుట్టు తిరిగి వచ్చి విప్పితే పాదాల మీద ఎర్రటి గళ్ళు అచ్చు పడి ఉన్నాయి. "సగం సేపు బుట్టల వడ్డ టమాటల లెక్క కొట్టుకున్న అత్తయ్యా" అని అది చెబుతుంటే అత్తయ్య కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. నవ్వుతూనే ఆ జతనంతా విప్పేసి, ముడి ఎక్కడ పడాలో మొదటి నుంచి ఆలోచించడం మొదలుపెట్టింది.

రెండో జత అమ్మ చేతి పని. అమ్మ బొంతలు కుట్టడంలో మా ఊళ్ళో పేరున్న మనిషి. పాత చీరల మెత్తని నూలును పొర మీద పొర పరిచి, దగ్గర దగ్గరగా కుట్టు వేసుకుంటూ పోతే ఆ బట్ట తోలంత గట్టిగానూ పిల్లిపిల్లంత మెత్తగానూ తయారయ్యేది. బొంత బట్టతో బూటు, దాని అడుగున పంక్చర్ల దుకాణంలో దొరికిన పాత టైరు నుంచి పలచగా కోయించిన రబ్బరు. గళ్ళు పడలేదు గానీ, చెమట పీల్చి బరువెక్కింది, పైగా పరుగు వేగం అందుకునేసరికి వేళ్ళను నొక్కి పట్టేసింది. కొలత సరిగ్గానే తీశామే అని అత్తయ్యకు అంతు చిక్కలేదు. పాదాన్ని కాగితం మీద పెట్టించి చుట్టూ పెన్సిలుతో గీసి, దర్జీ కన్నా జాగ్రత్తగా కొలిచింది. మళ్ళీ గీసింది, మళ్ళీ అదే కొలత. పరుగు పరీక్ష దగ్గర పడుతోంది. ఆ రోజు పాదాన్ని ఆనించి అరగంట నుంచి కాగితం మీద నిలబడి ఉన్న చెల్లెలికి విసుగొచ్చింది.

"అత్తయ్యా, నేనేమన్న నిలవడి ఉర్కుతనా? నిలవెట్టి కొలుస్తున్నరు."

దర్జీలు నిలబెట్టి కొలుస్తారు, చెప్పులవాళ్ళు కూర్చోబెట్టి కొలుస్తారు, పరుగెత్తే కాలును పరుగులో ఉండగా కొలవాలని మాకు ఎవరికీ తట్టలేదు. అత్తయ్య లోపలికి వెళ్ళి ముగ్గుపిండి డబ్బా తెచ్చింది. మిద్దె మీద ఒక మూల ఆరబెట్టిన ఆవిడ వడియాలను పక్కకు జరిపి, నల్లటి గచ్చు మీద పిండిని చేటతో పలచగా, సమంగా చల్లింది. చెల్లెలిని మిద్దె చివరి నుంచి పరుగెత్తుకు రమ్మన్నది. అది లంగా ఎగదోపుకుని ఒక్క ఊపులో వచ్చి పిండి మీదుగా దూసుకుపోయింది.

ఆ సాయంత్రపు ఎండలో, ఆ తెల్లటి పిండిలో పడిన అడుగులను చూడటానికి మేం ముగ్గురం మోకాళ్ళ మీద కూర్చున్నాం. కాగితం మీద గీసిన పాదం ఇది కాదు. ఇది దానికన్నా వెడల్పు. బరువంతా మీద పడిన క్షణంలో వేళ్ళు నేలను పట్టుకోవడానికి విచ్చుకున్నాయి, చిటికెనవేలు బయటికి తన్నుకుంది, మడమ గుర్తు దాదాపు లేనే లేదు. బొటనవేలు వెనక పిండి ఒక కుప్పలా వెనక్కి ఎగజిమ్మి ఉంది, ఆ కాలు ముందుకు పోవడానికి నేలను ఎంత బలంగా వెనక్కి నెట్టిందో ఆ కుప్ప చెబుతోంది. చర్యకు ప్రతిచర్య అని నేను ఏడాదికొకసారి నల్లబల్ల మీద రాసి పిల్లల చేత వల్లె వేయించేదాన్ని. అది నా చెల్లెలి కాలి కింద అలా అచ్చయి ఉండటం చూసి నాకు ఒళ్ళు జలదరించింది. అద్భుతం అనే మాటను నేను అనుమానించే మనిషిని, గాలిలోంచి విభూది తీసేవాళ్ళు ఆ మాటను పాడుచేశారు. కానీ ఆ సాయంత్రం నా ముందు ఉన్నదానికి నాకు వేరే మాట దొరకలేదు. గుప్పెడు ముగ్గుపిండి, తెలుసుకోవాలన్న పట్టుదల, ఒక పిల్ల పరుగు, వీటితో మా మిద్దె ఒక్క పూటలో ప్రయోగశాల అయిపోయింది. చీకటి పడేదాకా ఆ పిండిని ఎవరం ఊడ్వలేదు.

మూడో జత ఇద్దరి చేతులూ కలిసి చేసింది. ఆ పిండి అచ్చు కొలతకు అమ్మ ఆకుపచ్చ పాత చీరతో లోపలి పొర కుట్టింది, పలచగా, చెమట పోయేందుకు పైన సందులు వదిలి. దాని బయట అత్తయ్య వైరుతో పట్టీలు అల్లింది, ముడులన్నీ బయటికి, పాదం వంగే గీత దగ్గర అసలు అల్లికే లేకుండా. వేళ్ళ దగ్గర విసనకర్ర విచ్చుకునేంత చోటు ఉంచారు. మడమ దగ్గర మాత్రం బిగువుగా పట్టేందుకు రవికె వెనక ముడిలాగా రెండు తాళ్ళు పెట్టారు. రబ్బరు అడుగును మైనం పట్టించిన దారంతో కుట్టి రుబ్బురోలు కింద రాత్రంతా అణచి పెట్టారు. చూడటానికి మొదటి జత అందం దీనికి లేదు. చెల్లెలు వాటిని తొడుక్కుని మిద్దె మీద అటూ ఇటూ నడిచింది, ఆగింది, కాలి వేళ్ళు లోపల ఆడించి చూసుకుంది, ఆ మొహం చూస్తే మాకు వేరే జవాబు అక్కరలేకపోయింది.

పరీక్ష రోజున మైదానం గోడ బయట అమ్మ, అత్తయ్య, నేను నిలబడ్డాం. అమ్మ చెప్పుల్లేని కాళ్ళను ఒకదాని మీద ఒకటి పెట్టుకుంటూ ఉంది, నేల అప్పుడే వేడెక్కింది. గోడ ఎక్కి కూర్చున్న కుర్రకారు పరుగెత్తబోయే ఆడపిల్లలను చూసి ఈలలు వేస్తున్నారు. వరసలో ఉన్న పిల్లలు చెల్లెలి కాళ్ళను చూసి ఒకరినొకరు మోచేతులతో పొడుచుకున్నారు. కొలతలు తీసే పోలీసాయన వంగి చూసి, ఇవి ఎక్కడ కొన్నావమ్మా అని అడిగాడట. ఇంట్ల అల్లిన్రు సార్ అన్నదట. ఆయన మరోసారి చూసి, బూట్లు ఇలాగే ఉండాలని ఎక్కడా రాయలేదు, పో, వరసలో నిలబడు అన్నాడట.

నేను నా చెల్లెలు పరుగెత్తడం చిన్నప్పటి నుంచి చూస్తూనే ఉన్నాను, కానీ ఆ రోజే చూశాను. ఈల ఊదగానే అందరూ ఒక్కసారిగా ఉరికారు, అది వెనకపడింది. మొదటి చుట్టులో గుంపు మధ్య ఎక్కడో ఉంది, గాయం మానిన కాలును ఆచితూచి వేస్తోంది, అమ్మ పెదవులు ఎల్లమ్మ పేరు జపిస్తున్నాయి, నేను గోడ అంచు పట్టుకుని మునివేళ్ళ మీద లేచి చూస్తున్నాను. మలుపు దగ్గర ఏదో మారింది. కాలు నమ్మింది అంటాను నేను, ఆ మాటకు నా దగ్గర శాస్త్రం లేదు. అడుగు పొడవైంది, భుజాలు దిగాయి, తల కదలకుండా నిలిచింది, వాన ముందు పిట్టలు నేలకు తాకీ తాకకుండా పోయినట్టు ఒక్కొక్కరినే దాటుకుంటూ వచ్చింది. గోడ మీద ఈలలు ఎప్పుడు ఆగిపోయాయో నేను గమనించలేదు. మనిషి శరీరం అనే యంత్రం, ఎముక, కండ, ఊపిరి, ఇంత పని చేయగలదా అని నేను నోరు తెరుచుకుని చూశాను. గీత దాటి అది మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగినప్పుడు, వైరు పట్టీల సందుల్లోంచి అమ్మ ఆకుపచ్చ చీర కనబడింది. ఇచ్చిన సమయంలోనే వచ్చింది. అత్తయ్య ఏడుస్తూ అమ్మ భుజం మీద తల పెట్టేసింది. అమ్మ మాత్రం నా వైపు తిరిగి, "మడిమె కాడ తాడు జర వదులైంది, చూసినవా?" అన్నది.

కథ ఇక్కడ ఆపేస్తే మీకు తీపిగా ఉంటుంది, నేను ఆపను. ఉద్యోగం ఉత్తర్వు రావడానికి ఆ ఎండాకాలమంతా పట్టింది. మొక్కు నౌకరి వచ్చేదాకా గదా, అమ్మ అన్నాళ్ళూ చెప్పులు తొడగలేదు. చంపాపేట్‌లో కూరగాయలు చవక అని కరిగిన తారు రోడ్డు మీద నడిచి వెళ్ళి వచ్చేది. మడమలు నెర్రెలిచ్చాయి. అత్తయ్య మైనమూ కొబ్బరినూనే కాచి రాస్తూ కళ్ళు తుడుచుకునేది. పరుగు గెలిచింది గద ఇక చాలించమంటే అమ్మ వినలేదు, మాటంటే మాటే అన్నది. ఉత్తర్వు వచ్చాక చెప్పులు తొడుక్కుంది గాని ఆ నెర్రెలు ఆమె పోయేదాకా పూడలేదు, ప్రతి చలికాలం రక్తం వచ్చేది. ఊళ్ళో ఎల్లమ్మకు చీర పెట్టారు, యాటను కోశారు, నౌకరి ఎల్లమ్మ ఇచ్చిందని అందరూ అన్నారు. బొంత కుట్టిన చేతులను, ముడి విప్పి ముడి వేసిన చేతులను ఎవరూ తలచలేదు. నేను మండిపడితే అమ్మ నవ్వి, వదినె చేతులల్ల కూసుండి కుట్టింది ఎల్లమ్మే అన్నది. దానికి నా దగ్గర జవాబు ఉంది, చాలా బలమైన జవాబే ఉంది. ఆ చర్చ ముగించుకునే లోపలే ఆమె వెళ్ళిపోయింది.

ఆ బూట్లు కూడా ఇప్పుడు లేవు. శిక్షణలో అరిగి, పొరలు విడిపోయి పోయాయి. మధ్యలో ఒకసారి మరో పిల్లకు ఇచ్చి చూశాం, సరిపోలేదు. సరిపోవు, అవి ఒకే ఒక్క పాదం కోసం పుట్టినవి. చెల్లెలు పోలీసు ఉద్యోగం నుంచి రిటైరై తుర్కయంజాల్‌లో ఉంటోంది. మోకాళ్ళు అరిగాయి, పరుగు మాట ఎత్తితే మాత్రం ఇప్పటికీ కళ్ళు మెరుస్తాయి. అత్తయ్య కుటుంబం ఎటో వెళ్ళింది, కొన్నాళ్ళు ఉత్తరాలు నడిచి ఆగిపోయాయి.

ఆ కాలం బంగారమని నేను చెప్పను. ఆడపిల్ల పరుగెత్తితే ఈలలు వేసిన కాలం అది. ఇప్పుడు సాయంత్రాలు చెరువు పక్కన ఆడపిల్లలు తమ పాటికి తాము పరుగెత్తుతుంటే నా గుండె నిండుతుంది. వెడల్పు కాళ్ళకు, సన్న కాళ్ళకు, దేనికైనా బూట్లు దొరుకుతున్నాయి, ఫోనులో వేలు పెడితే ఇంటికి వస్తున్నాయి, అది మంచిదే. నా దిగులు ఒక్కటే. ఆనాడు మా మిద్దె మీద ముగ్గురు ఆడవాళ్ళకు ఒక పిల్ల పాదం వేలు వేలూ తెలుసు. ఇవాళ ఒకే ఇంట్లో, ఒకే సోఫాలో పక్కపక్కన కూర్చున్నవాళ్ళకు ఒకరి పాదం ఎలా ఉంటుందో ఒకరికి తెలియదు. చేసిన వస్తువు పనికిరాకపోతే నవ్వి, విప్పి, మళ్ళీ మొదలుపెట్టే ఓపిక కూడా ఆ తెలియకపోవడంతోనే పోయింది. మొక్కులు మాత్రం పోలేదు. కోచింగ్ సెంటర్ల చుట్టూ ఉన్న హాస్టళ్ళలో అడిగి చూడండి, పరీక్షకు కూర్చున్నది పిల్లలు, వాళ్ళ తరఫున మొక్కింది పెద్దలు, పస్తులుండేదీ చెప్పులు మానేదీ మళ్ళీ పిల్లలే.

అందుకే ఇది చదువుతున్న మిమ్మల్ని, నా తరం వాళ్ళను, అడగడం లేదు, నిలదీస్తున్నాను. మీ ఇంట్లో ఒక పిల్ల దేనికోసమైనా ఆయాసపడుతుంటే, ఆ పిల్ల పేరు మీద మరో మొక్కు మొక్కకండి. జోడించిన ఆ చేతులను విడదీయండి. ఆ పిల్లకు ఏది ఎక్కడ నొప్పి పెడుతోందో దగ్గర కూర్చుని చూడండి, దానికి కావలసింది మీ చేతులతో తయారుచేయండి, కుదరకపోతే విప్పి మళ్ళీ చేయండి. రేపు కాదు, ఈ సాయంత్రమే మొదలుపెట్టండి.